వెండి నాణెం మీద కళ్ళు తెరిచిన పిల్ల

రోము, కాపిటోల్ కొండ మీది టంకశాల నుంచి
డిసెంబరు, సాటర్నాలియా పండుగ వెళ్ళిన మూడో రోజు

అన్నయ్య నుమేరియస్‌కు తమ్ముడు విబియస్ రాస్తున్నది.

నీ మోకాలు ఎలా ఉంది? నా కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి. అరవై దాటినా ఇక్కడ సన్నపని నాకే ఇస్తున్నారు. మిగతావాళ్ళ చూపు ఎంత బాగుందో దీన్నిబట్టి నువ్వే ఊహించుకో.

సంగతేమిటంటే, కొత్త ఏడాదికి వెండి నాణేలు వేయించే అధికారి మన లానువియం ఇంటివాడే. రుబెల్లియస్ దొర. వాళ్ళ తాతల ఇల్లు మన గుడి మెట్ల పక్కన ఉండేదట. మిగతా అధికారులు ఒకరు వీనస్ అనీ, ఒకరు జంట గుర్రాల దేవుళ్ళనీ కొట్టుకుంటుంటే ఈయన, "మా ఊరి తల్లి ఉండగా నాకు ఇంకో దేవత ఎందుకయ్యా?" అన్నాడు. నాణేనికి ఒక పక్క మేకతోలు కప్పుకున్న జూనో తల్లి తల. రెండో పక్క గుహలో పాముకు రొట్టె పెట్టే పిల్ల. అచ్చులు చెక్కేది ఎవరనుకున్నావు? నీ తమ్ముడే.

నేను ఊరు వదిలి నలభై ఏళ్ళయింది. తల్లి తోలుకు కొమ్ములు ముందుకు వంగి ఉంటాయా, వెనక్కా? మేక చెవులు కనిపిస్తాయా? ఆ పిల్ల ఎలా ఉంటుంది, ఎలా నిలబడుతుంది, రొట్టె ఎలా పట్టుకుంటుంది? అన్నీ రాయి. నువ్వెలాగూ నాలుగు ముక్కలే రాస్తావు. ఆ నాలుగూ పనికొచ్చేవి రాయి.

ఇంకొకటి. ప్రతి అచ్చు మీదా ఒక చిన్న గుర్తు ఉండాలి, ఏ నాణెం ఏ అచ్చుదో తెలియడానికి. నక్షత్రం, ఆకు, చేప, సుత్తి, నాకు తోచినవన్నీ అయిపోయాయి. ఇంట్లోవీ దొడ్లోవీ వస్తువుల పేర్లు కొన్ని పంపు.

బండి తోలే ఫుసియస్ జున్ను దించి రేపే తిరిగి వస్తున్నాడు. జవాబు వాడి చేతికే ఇవ్వు.

చలికి వేళ్ళు కొంకర్లు పోతున్న
విబియస్


లానువియం
జనవరి ఆరో రోజు

తమ్ముడూ,

మోకాలు అలాగే ఉంది.

కొమ్ములు ముందుకు. చెవులు కనిపిస్తాయి. తోలు కాళ్ళు గడ్డం కింద ముడి వేసి ఉంటాయి, అది మరిచిపోకు. ఇప్పుడు గుడిలో తల్లి మీద ఉన్న తోలు మన మేకదే. ఆరేళ్ళ కిందట ఇచ్చాను.

పిల్ల సంగతి అడిగావు. సంతోషం. బాగా పొడుగైంది. నిటారుగా నిలబడదు, కొంచెం ముందుకు వంగుతుంది. జుట్టు ముడి ఎప్పుడూ జారి మెడ మీదికి వస్తుంది. ఏం పట్టుకోవాలన్నా చెంగు ఎత్తి అందులో వేసుకుంటుంది, చేతిలో బుట్ట ఉన్నా సరే. కళ్ళు పెద్దవి. దేన్నైనా సూటిగా చూస్తుంది. మన మేకపోతు కూడా తనకంటే ముందే తల తిప్పుకుంటుంది.

వస్తువులు. నిచ్చెన. కొడవలి. పాల ముంత. జున్ను బుట్ట. మేక గంట. కప్ప. కప్ప వస్తువు కాదు, కానీ దొడ్లో ఉంది. పక్కింటి గవియా నోరు కూడా ఉంది, అది నాణెం మీద పట్టదు.

పలక నిండింది.

నుమేరియస్


రోము
జనవరి నెలాఖరు

అన్నయ్యా,

నీ పలకలో సగం ఖాళీగానే ఉంది. అయినా ఏం రాశావయ్యా! చదువుతుంటే పిల్ల వచ్చి నా బల్ల ముందు నిలబడినట్టయింది. నువ్వు రాసినదానికి ఒక్క గీత కలపలేదు, ఒక్క గీత తీయలేదు. వంగిన నడుము, జారిన జుట్టు ముడి, చెంగులో రొట్టెలు, సూటి చూపు, అన్నీ దించేశాను. రుబెల్లియస్ దొర అచ్చు చూసి, "వీడెవడో రోజూ గుడికి వెళ్ళేవాడిలా ఉన్నాడే" అన్నాడు. నేను గుడి మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకు చెప్పలేదు.

పామును మాత్రం నా ఊహ మీద వదిలాను. పిల్లంత ఎత్తు లేపి నిలబెట్టాను. గడ్డం పెట్టాను. రోములో గోడల మీద గీసే పాములన్నిటికీ గడ్డమే. గడ్డం లేని పామును ఇక్కడ ఎవరూ దేవుడి పాము అనుకోరు, వానపాము అంటారు.

పక్క బల్ల హెర్మో జంట గుర్రాలు చెక్కాడు. ఎనిమిది కాళ్ళు రావాలి. ఏడే వచ్చాయి. "ఒకటి వెనకాల దాక్కుంది" అంటాడు. మూడు రోజులుగా అందరం ఆ ఎనిమిదో కాలు కోసం బల్లల కింద వెతుకుతున్నాం, వాడికి వినబడేలాగా.

నీ నిచ్చెన, కొడవలి, కప్ప, మూడూ నాణేల మీదికి ఎక్కాయి. మూడు కొత్త నాణేలు పంపుతున్నాను. కప్పది నువ్వుంచుకో.

మరి చిన్న లోలియా ఎలా ఉంది? ఇంకా బొమ్మలతో ఆడుతోందా? నీ మనవరాలి గురించి ఒక్క ముక్క రాయవేం?

నీ విబియస్


లానువియం
ఫిబ్రవరి ఏడో రోజు

తమ్ముడూ,

నాణేలు అందాయి.

లోలియా ఎలా ఉందని మళ్ళీ అడిగావు. క్రితం సారి రాసిందంతా లోలియా గురించే. నువ్వు అడిగింది తన గురించే అనుకున్నాను. తనకు పదిహేనేళ్ళు. బొమ్మలు ఎప్పుడో మానేసింది.

నాణెం చూసి కోడలు ఏడ్చింది. అచ్చంగా లోలియాయే అంది. ఒకటి గవియా కంటబడింది. ఇప్పుడు ఊరంతా నాణెం మీద ఉన్నది మన పిల్లేనంటున్నారు. కళ్ళ సంగతే మాట్లాడుకుంటున్నారు. నేను బావి దగ్గరికి వెళ్ళడం మానేశాను.

నుమేరియస్


రోము
ఫిబ్రవరి పన్నెండు

అన్నయ్యా, నా బంగారు అన్నయ్యా,

ఎంత నవ్వానో! నేను అడిగింది గుడి తంతులో పిల్లలు ఎలా నిలబడతారని. నువ్వు రాసింది నీ మనవరాలి గురించి. అయితేనేం? మన లోలియా వెండి మీదికి ఎక్కింది. గాల్‌లో గుర్రాలు అమ్మేవాడూ, స్పెయిన్‌లో జీతం తీసుకునే సైనికుడూ మన పిల్లను చేతిలో పట్టుకుని చూస్తారు. వాళ్ళ నాన్న సెక్స్టస్ కూడా సైన్యంలో జీతం అందుకుంటూ కూతురిని చూస్తాడు. ఆలోచించు!

అందరూ కళ్ళ సంగతే మాట్లాడుకుంటున్నారా? మాట్లాడుకోరూ మరి! ఆ కన్ను నువ్వుగింజలో సగం. దాన్ని తెరిచి ఉన్నట్టు చెక్కడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఊపిరి బిగబట్టి చెక్కాను. తుమ్ము వస్తే బయటికి పరిగెత్తాను.

నీ సిగ్గు నాకు తెలియనిదా? ఎవరో మెచ్చుకుంటే బావి దగ్గరికి వెళ్ళడం కూడా మానేసే మనిషివి. నేను ఊరుకోను. ఇంకో పది నాణేలు పంపుతున్నాను. ఫుసియస్‌తో చెప్పాను, నువ్వు తలుపు తీయకపోతే వాడే బావి దగ్గర అందరికీ చూపిస్తాడు.

గర్వంతో ఉబ్బిపోతున్న
విబియస్


లానువియం
ఫిబ్రవరి ఇరవై

ఒరేయ్ విబియస్,

ఫుసియస్ బావి దగ్గర చూపించాడు. మంచి పని చేశావు.

నలభై ఏళ్ళకే అన్నీ మరిచిపోయావా? రొట్టె తీసుకుని గుహలోకి వెళ్ళే పిల్లలకు కళ్ళకు గంతలు కడతారు. ప్రతి వసంతంలోనూ కడతారు. మన అమ్మకూ కట్టారు. పామును ఎవరూ చూడకూడదు. చూసిన పిల్ల చేతి రొట్టె పాము ముట్టదంటారు, ముట్టకపోతే ఆ ఏడు పంట పోతుందంటారు. నువ్వు చెక్కిన పిల్లకు గంతలు లేవు. కళ్ళు చేటంత తెరుచుకుని పామునే చూస్తోంది. ఆ పిల్ల లోలియా.

క్రితం వసంతంలో లోలియా మొదటిసారి వెళ్ళింది. పాము రొట్టె తిన్నది. ఈ వసంతంలో రెండోసారి వెళ్ళాలి, ఆనవాయితీ అదే. ఇప్పుడు గవియా ఇంటింటికీ తిరిగి, "చూశారా, ఈ పిల్ల గంత కిందనుంచి చూసిన సంగతి రోముదాకా తెలిసిపోయింది, వెండి మీద కూడా కొట్టేశారు" అంటోంది. పిల్లలకు గంతలు కట్టేది ఆవిడే, ఇరవై ఏళ్ళుగా. అందుకని జనం వింటున్నారు. పన్నెండేళ్ళ కిందట మన మేక ఆవిడ చిక్కుడు పాదు మేసింది. అది కూడా లెక్కలో వేసుకో.

మార్చి నడిమి రోజున ఊరి పెద్ద మెస్సియస్ గుడి ముందు అందరినీ కూర్చోబెడుతున్నాడు. చూసిందని తేలితే గుడి పిల్లల జాబితాలోంచి లోలియా పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేసిన పిల్లను తల్లి గుడి మెట్లు ఎక్కనివ్వరు. పెళ్ళి నాడు కూడా. ముసలిదయ్యాక కూడా.

లోలియా చూడలేదంటోంది. చూడలేదు. నాకు తెలుసు.

గంత చెక్కు.

నుమేరియస్


రోము
ఫిబ్రవరి నెలాఖరు

అన్నయ్యా,

నన్ను తిట్టు, పడతాను. గంతల సంగతి నాకు నిజంగానే జ్ఞాపకం లేదు. మగపిల్లలం పొలం గట్ల మీద నిలబడి కేకలు వేసేవాళ్ళం కదా. పిల్లలు పైకి వచ్చేసరికి గంతలు విప్పేసి ఉండేవి. నేను చూసిందల్లా వాళ్ళు నవ్వుతూ పరిగెత్తుకుని రావడమే.

నీ పలక అందిన రోజే కొత్త అచ్చు చెక్కాను. కంటి మీద అడ్డంగా ఒక్క గీత. బాగానే వచ్చిందనుకున్నాను. రుబెల్లియస్ దొర చూసి, "ఈ పిల్లకు తలనొప్పా?" అన్నాడు. హెర్మో తొంగి చూసి, "కాదండీ, గుర్రం తన్నింది. ఎనిమిదో కాలు ఇదే" అన్నాడు. అందరూ నవ్వారు. దొర అచ్చు పగలగొట్టించాడు. ఆయన రోములో పుట్టాడు, ఆ తంతు ఎన్నడూ చూడలేదు, నేను చెప్పింది వినలేదు. "నా నాణెం చేతిలోకి వచ్చిన ప్రతివాడికీ ఆ పిల్ల ముఖం కనబడాలి" అన్నాడు.

నేనే వచ్చి చెబుదామంటే సైన్యం జీతాల వెండి పూర్తయ్యేదాకా ఈ తలుపు దాటనివ్వరు. కాపలావాడు మా నోళ్ళు కూడా తెరిపించి చూస్తున్నాడు.

కానీ నువ్వేం దిగులుపడకు. మెస్సియస్‌కు నేరుగా ఉత్తరం రాశాను. తప్పు నాదని స్పష్టంగా రాశాను. దానితో అంతా సర్దుకుంటుంది.

తల వంచుకుని
విబియస్


లానువియం
మార్చి ఆరు

తమ్ముడూ,

నీ ఉత్తరం మెస్సియస్ బావి దగ్గర పైకి చదివించాడు.

అందులో నువ్వు, "నేను ఆ పిల్లను చూడలేదు, కళ్ళు మా అన్నయ్య రాసిన ప్రకారమే చెక్కాను" అని రాశావు. నిజమే రాశావు. ఇప్పుడు అందరూ, తాతే చెప్పాడు పిల్ల సూటిగా చూసిందని, అంటున్నారు. గవియా నన్ను సాక్షి అంటోంది.

ఇంక ఎవరికీ ఏమీ రాయకు.

సెక్స్టస్ స్పెయిన్‌లో ఉన్నాడు. ఇంటి పెద్దను నేను. మార్చి నడిమి రోజున నేనే లేచి మాట్లాడాలి. నింద పడిన పిల్లను మాట్లాడనివ్వరు. నేను ఊరి ముందు ఎన్నడూ మాట్లాడలేదు. నీకు తెలుసు. నా పెళ్ళిలో ప్రమాణం కూడా మా మావగారే చెవిలో చెబితే అన్నాను.

లోలియా తిండి తినడం లేదు. మేకల దగ్గర కూర్చుంటోంది.

నుమేరియస్


రోము
మార్చి పది

అన్నయ్యా,

దీనితో రెండు పలకలు పంపుతున్నాను. అది నీ ప్రసంగం. పెద్ద చావడిలో వకీళ్ళు మాట్లాడేది పదేళ్ళుగా భోజనం వేళల్లో విన్నాను, వాళ్ళ పద్ధతిలోనే రాశాను. "లానువియం పౌరులారా" అని మొదలుపెట్టు. ఆగు. తల్లి గుడివైపు చెయ్యి చాపు. రెండో పలకలో అమ్మను తలుచుకునే చోట గొంతు కొంచెం వణికించు. చెయ్యి నడుము మీద పెట్టకు, వంటవాడిలా ఉంటావు. మాట మధ్యలో మోకాలు రుద్దుకోకు.

బట్టీపట్టు. మేకలకు చెప్పి చూడు.

ఇదంతా రాశాక చదువుకుంటే నాకే సిగ్గేసింది. నువ్వు ఇలా మాట్లాడితే నువ్వు కాదనుకుంటారు. నోరు రాకపోతే ఊరుకో. పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడు. అది చాలు.

నా తప్పుకు నువ్వు లేచి నిలబడవలసి వచ్చింది. ఇక్కడ ఏమీ తినబుద్ధి కావడం లేదు.

విబియస్


లానువియం
మార్చి పదిహేడు

తమ్ముడూ,

ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. మూడు పలకలు అడిగి తెచ్చాను. ఒకటి గవియాది.

ఆ రోజు పొద్దున్నే గుడి ముందు జనం నిండిపోయారు. పొలాలవాళ్ళు కూడా పనులు మానుకుని వచ్చారు. మెస్సియస్ ఎత్తు బల్ల మీద కూర్చున్నాడు. లోలియా నా పక్కన నిలబడింది. తెల్ల బట్ట కట్టుకుంది. ముడి జారింది. నేను లేచాను.

"లానువియం పౌరులారా" అన్నాను. తరువాత ఏముందో పోయింది. మేకల ముందు రెండుసార్లు సరిగ్గా వచ్చింది.

మెస్సియస్, "చెప్పవయ్యా నుమేరియస్, పొద్దెక్కుతోంది" అన్నాడు.

గవియా, "ఏం చెబుతాడు? నోట్లో శనగలు పోసుకున్నవాడిలా నిలబడతాడు. పెళ్ళప్పుడూ ఇంతే!" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ. లోలియా నా చెయ్యి గిల్లింది.

గవియా ముందుకు వచ్చి నాణెం పైకెత్తి పట్టుకుంది. "చూడండి. ఆ నడుము వాలకం లోలియాది. ఆ జుట్టు లోలియాది. ఆ చెంగులో రొట్టెలు లోలియావి. అన్నీ ఈ పిల్లవే అయితే కళ్ళు మాత్రం ఎవరివమ్మా? నావా?"

"నేను చూడలేదు!" అంది లోలియా.

"నువ్వు మాట్లాడకూడదు" అన్నాడు మెస్సియస్. తరువాత నావైపు తిరిగాడు. "నుమేరియస్, చివరిసారి అడుగుతున్నాను. చెప్పేదేమైనా ఉందా?"

నీ ప్రసంగంలో అమ్మ వస్తుంది, జూనో తల్లి వస్తుంది, న్యాయం మూడుసార్లు వస్తుంది. ఒక్కటీ రాలేదు. నాకు తోచిందే అన్నాను.

"మా తమ్ముడు పామును చూడలేదు."

"ఏమిటీ?" అన్నాడు మెస్సియస్.

"విబియస్ పామును చూడలేదు. పిల్లను కూడా పెద్దయ్యాక చూడలేదు. పాము తోచినట్టు చెక్కాడు. కళ్ళూ తోచినట్టే చెక్కాడు." కూర్చోబోయాను.

గవియా నన్ను కూర్చోనివ్వలేదు. "చూడలేదని తెలుస్తూనే ఉందిలే! ఇదీ ఒక పామేనా? మనిషంత ఎత్తు లేచి నిలబడిందట! ఆ గడ్డమేమిటి, మీ మేకపోతుకున్నట్టు? అది తల నేలకు ఆనించి పాపం జానెడు కూడా లేవదు. నోరు తెరిచి ఊరికే కాచుకుని ఉంటుంది. మెడ కింద పసుపు మచ్చ ఏదీ? మచ్చ లేకుండా..."

అక్కడ ఆగింది.

జనం తలలు గవియావైపు తిరిగాయి.

మెస్సియస్ నెమ్మదిగా, "గవియా, నీకెలా తెలుసు?" అన్నాడు.

గవియా నోరు తెరిచే ఉంది. మాట లేదు. ఆవిడ పక్కింట్లో యాభై ఏళ్ళుగా ఉన్నాను, అలాంటిది ఎన్నడూ చూడలేదు.

"మా అమ్మమ్మ చెప్పింది" అంది చివరికి.

వెనకనుంచి ముసలి తురియా నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడకు ఎనభై ఉంటాయి. "మీ అమ్మమ్మకు ఎలా తెలుసే? అయినా పసుపేమిటి నీ మొహం, తెల్ల మచ్చ!"

"పసుపే!" అంది గవియా.

"తెలుపు. నేను నీకంటే పదిహేనేళ్ళు ముందు వెళ్ళాను."

"అప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది, మా కాలానికి పసుపైంది" అని ఇంకో ఆవిడ. "ముసలైపోయింది కదా పాపం." ఆవిడ ఎవరో నాకు తెలుసు, నీకు రాయను. తరువాత ఇంకొకరు. ఆ తరువాత ఎవరు ఏమంటున్నారో తెలియలేదు. పాము పొడుగు గురించి ఒకపక్క, కళ్ళు ఎర్రనా నల్లనా అని ఒకపక్క. మగవాళ్ళందరం నోళ్ళు వెళ్ళబెట్టి నిలబడ్డాం.

మెస్సియస్ చెయ్యెత్తి అరిచాడు. "చాలు! చాలు!" అందరూ ఆగారు. ఆ నిశ్శబ్దంలో మెస్సియస్ భార్య, బల్ల పక్కనే కూర్చున్న ఆవిడ, మెల్లగా, "పసుపేనండీ" అంది.

మెస్సియస్ ఆవిడవైపు తిరిగాడు. "నువ్వు కూడానా?"

"చీకటి గుహ. జారుడు రాళ్ళు. కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవద్దూ? కాలు చూసుకుంటే పాము కనబడింది. అంతే. ఆ ఏడు మీ పొలంలో గింజ తగ్గిందా ఏం?"

తగ్గలేదు. మాకు అందరికీ జ్ఞాపకం. ఆ ఏడు ధాన్యం పెట్టడానికి జాగా చాలలేదు.

మెస్సియస్ తల పట్టుకున్నాడు. తరువాత లేచి, "నాణెం మీది పాము మన పాము కాదని పెద్దలు తేల్చారు. అందుచేత నాణెం మీది పిల్ల కూడా మన పిల్ల కాదు. లోలియా పేరు ఉంటుంది. ఇళ్ళకు వెళ్ళండి" అన్నాడు. వెళ్ళేటప్పుడు భార్యకంటే పది అడుగులు ముందు నడిచాడు.

జనం నా వీపు తట్టారు. ఎవరో పుల్ల వైను పోశారు. తాగాను.

ఇంటిదాకా లోలియా గబగబా నడిచింది. సంతోషంగా ఉందనుకున్నాను. మేకల దొడ్డి దగ్గరికి రాగానే దారిలో రాయిని ఎడం కాలితో తన్నింది. "అంటే ఇన్నేళ్ళలో ఊరంతట్లో చూడనిదాన్ని నేనొక్కదాన్నేనా తాతయ్యా? కళ్ళు గట్టిగా మూసుకున్నాను! గంత ఉండగా కూడా మూసుకున్నాను! మోకాళ్ళు రెండూ కొట్టుకుపోయాయి!"

వెల్లుల్లి జున్ను చేసి పెట్టాను. రెండు రొట్టెలతో తిన్నది.

నీ ప్రసంగం పలకలు దాచాను. బాగుంది. మేకలు విన్నాయి.

నీ అన్న
నుమేరియస్


రోము
మార్చి ఇరవై మూడు

అన్నయ్యా,

నీ మూడు పలకలూ టంకశాలలో పైకి చదివాను. సుత్తులు ఆగిపోయాయి. హెర్మో నేల మీద కూర్చుని ఏడ్చినంత నవ్వాడు. రుబెల్లియస్ దొర ఎవరు నవ్వుతున్నారని వచ్చి, మొదటినుంచీ మళ్ళీ చదివించుకున్నాడు. చివర, "మా అమ్మమ్మ కూడా లానువియంలోనే పెరిగింది" అన్నాడు.

పాము గడ్డం తీసేయమంటావా? పసుపు మచ్చ వెండి మీద రాదు, కానీ తల కిందికి దించగలను. గవియాను అడిగి చెప్పు. ఆవిడకు నా నమస్కారాలు. ఇంత వివరంగా చెప్పేవాళ్ళు నాకు డిసెంబరులో దొరికి ఉంటే బాగుండేది.

నువ్వు మాట్లాడావు. ఊరి ముందు మాట్లాడావు. నేను మళ్ళీ మళ్ళీ అదే చదువుకుంటున్నాను. నా రెండు పలకల ప్రసంగం కంటే నీ నాలుగు మాటలు బాగున్నాయి. ఎప్పుడూ అంతే, చిన్నప్పుడు కూడా. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

తంతు అయ్యాక రాయి. లోలియా ఈసారి చూసిందా?

విబియస్


లానువియం
ఏప్రిల్ పదకొండు

తమ్ముడూ,

నిన్న తంతు అయింది. ఎండ బాగా కాసింది. నలుగురు పిల్లలు వెళ్ళారు. నాలుగు రొట్టెలూ పాము తిన్నది. పొలం గట్ల మీదివాళ్ళు పంట బాగుంటుందని అరిచారు. నేనూ అరిచాను. కొంచెం.

గడ్డం ఉండనీ. ఇక్కడ పిల్లలకు ఆ గడ్డం నచ్చింది. గవియాకు మాత్రం నచ్చలేదు. కానీ ఆ నాణెం చెంగున కట్టుకుని తిరుగుతోంది, వచ్చినవాళ్ళందరికీ తప్పులు చూపించడానికి.

లోలియా చూసిందా అని అడిగావు. నేను అడగలేదు. పైకి వచ్చాక తనేం చెప్పలేదు. మోకాళ్ళు మాత్రం కొట్టుకుపోలేదు.

వెళ్ళేముందు జరిగింది రాస్తాను. గంతలు కట్టడానికి గవియాయే వచ్చింది. ఇంకెవరు వస్తారు? ముగ్గురు పిల్లలకూ కట్టింది. లోలియా దగ్గరికి వచ్చి ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. గవియా గుడ్డ మడత పెట్టి కళ్ళ మీద ఉంచి వెనక ముడి వేయబోయింది. అందరూ చూస్తున్నారు. మెస్సియస్ ఉన్నాడు. పొలాలవాళ్ళంతా ఉన్నారు.

ఎవరూ నన్ను అడగలేదు. నా అంతట నేనే పైకి అన్నాను.

"కొంచెం వదులుగా కట్టమ్మా."

గవియా నావైపు తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, అందరికీ వినబడేలా అంది. "ఇరవై ఏళ్ళుగా వదులుగానే కడుతున్నానయ్యా. మీ పిల్లకే తెలివి లేదు."

అప్పుడు లోలియా నవ్వింది, గంత కిందనుంచి నన్ను చూస్తూ.

నీ అన్న
నుమేరియస్